బండెక్కించింది నేనే

నైజాం పాలన రోజులు. పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాలేదు. అప్పుడు నేను కామారెడ్డి అంగడి వీధిలో గాజులు అమ్మేదాన్ని. అక్కడికి ఒకామె రోజూ వచ్చేది. గత్తర సోకి, అదే కలరాతో, ఆమె కొడుకు పోయాడని చెప్పుకునేవారు. బేరమాడుతూ తల్లులు పిల్లలను కింద దించితే చాలు, వెనకనుంచి వచ్చి ఎత్తుకునేది. ఎటూ తీసుకుపోయేది కాదు. మొహం కొంగుతో తుడిచి, తల నిమురుతూ నిలబడేది.

ఒక అంగడినాడు అలా ఒక పిల్లను ఎత్తుకుంటే ఆ పిల్ల తల్లి పిల్లలదొంగ అని కేక వేసింది. జనం మూగారు. ఆ పూట వీధిలో బేరాలే లేవు. మర్నాడు కొట్లవాళ్లంతా బట్టల సావుకారి అరుగు మీద కూడారు.

"పోలీసోళ్లకు అప్పజెప్తే కొడ్తరు. ఎల్లారెడ్డికి పోయే బండి ఎక్కిచ్చి ఆడ దించుదాం," అన్నాడు సావుకారి. నా వైపు తిరిగి, "నీ మాటయితే ఇంటది. నువ్వే చెప్పి ఎక్కియ్యి," అన్నాడు.

కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే కాదనాలని అనుకోనూ లేదు. ఆమె ఉంటే పిల్లల తల్లులు నా దగ్గర కూర్చోవడానికే జంకేవారు.

"అక్కా, ఎల్లారెడ్డిల జాతర ఉన్నది. పిల్లలు శానమంది వస్తరు," అని అబద్ధం చెప్పాను. ఆమె జుట్టు సవరించుకుని బండెక్కింది.

రెండు నెలల తర్వాత గాజులు పట్టుకుని ఎల్లారెడ్డి అంగడికి పోయాను. ఉప్పు కొట్టు గోడవార ఆమె కూర్చుని ఉంది. ఎడమ మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. ఒక పసివాడు తప్పటడుగులు వేస్తూ దగ్గరికి వస్తే, చేతులు రెండూ కొంగు కింద దాచుకుని మొహం తిప్పుకుంది.

"ఎవరు కొట్టిండ్రక్కా?"

"వచ్చిన నాడే కొట్టిండ్రు. పిల్ల ఏడ్వలే. నా దగ్గర మంచిగనే ఉండె."

"నాతోని రా. కామారెడ్డికి పోదాం."

"అద్దు. ఆడ గూడ పిల్లలుంటరు గదా."

నేను చెప్పిన అబద్ధం ఊసు ఆమె ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది. నా మూటలోని జొన్నరొట్టె ఇస్తే తీసుకుంది.

మళ్లీ వారం పోయేసరికి గోడవార ఆమె లేదు. లింగంపేట దారిన నడిచిపోయిందని ఉప్పు అమ్మేవాడు చెప్పాడు. తిరుగు ప్రయాణంలో లింగంపేటలో దిగి అడిగాను. ఎవరూ చూడలేదన్నారు.

సావుకారికి జరిగింది చెప్పాను. ఆయన గుడ్డ కొలవడం ఆపి, "మనం మంచికే చేసినం," అన్నాడు.

తర్వాత చాలా ఏళ్లు, ఆ దారిన పోయినప్పుడల్లా లింగంపేటలో బండి ఆపించి అడుగుతూనే ఉన్నాను.