ఎర్రగుంటే బతికున్నట్టు

మా మేనత్త పోయిన సంగతి కోంటా సంతలో ఉప్పు అమ్మేవాడి నోట విన్నాను. "మీ అత్త పోయింది గద. ఉప్పు ఎంత పోయమంటవ్?" అన్నాడు, ఒకే ఊపిరిలో. ఉప్పు తీసుకోకుండానే ఊరికి వచ్చేశాను.

ఆమెను ఊరు ఏళ్ళ తరబడి దూరం పెట్టింది. అందులో నా పాలు ఉంది కాబట్టే రాస్తున్నాను.

నా చిన్నతనంలో, మినుము పూత మీదుండగా, సంస్థానపు తహసీలు నుంచి ఒక మున్షీ వచ్చాడు. మొక్క పీకి, వేళ్ళకున్న బుడిపెలు చూసి మొహం చిట్లించాడు. "జడ్‌లో బీమారీ ఉంది, వేళ్ళకు రోగం. మొత్తం పీకి కాల్చండి" అన్నాడు. ఆ బుడిపెలు ఏటా చూసే జనమే చేలన్నీ పీకేశారు.

అత్త పీకనంది. నన్ను చేలో కూర్చోబెట్టి చూపించింది. తెగులు బుడిపె వేరులోనే కలిసిపోయి ఉంటుంది. మంచిది పక్కన అంటుకుని, గోరు తగిలితే ఊడివస్తుంది. "నలిపి చూడు అల్లుడా. ఎర్రగుంటే బతికున్నట్టు. చేనుకు బలం ఆడికెళ్ళే వస్తది."

పీకకుంటే చేను ఇంకొకరికి ఇస్తామని పటేల్ కబురంపాడు. మా నాన్న భయపడి, ఆమె అడవికి పోయిన పూట నన్ను ఆమె చేలోకి తోలాడు. ఆమె తిరిగొచ్చేసరికి సగం చేను పీకేశాను.

కుప్ప చూసింది. నన్ను చూసింది. "మున్షీకి కళ్ళున్నయ్, గోళ్ళు లేవు. నీకు గోళ్ళున్నయ్ గద రా?" అంది.

మున్షీ మళ్ళీ రాలేదు. మిగిలిన సగాన్ని ఆమె ఎప్పటిలాగే వేళ్ళు మట్టిలో ఉంచి కొడవలితో కోసింది. మరుసటి వానలకు జొన్న వేస్తే ఆ సగం నల్లగా, ఏపుగా లేచింది. నేను పీకిన సగం, ఊరి చేలు అన్నీ పాలిపోయాయి. మా చేల బలం లాక్కుంది, చేతబడి చేసిందన్నారు. ఆమె ఇంటి నిప్పు ముట్టడం మానేశారు.

తర్వాత బడిలో మాస్టారు చెప్పారు. ఆ బుడిపెల్లో కంటికి కనబడని జీవులుంటాయని, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయని. అత్తకు చెబితే, "పేరేదైతే ఏంది, పని చేస్తున్నయ్ గద" అని నవ్వింది. ఊళ్ళో మాత్రం చెప్పలేదు. చెబితే మా ఇంటినీ దూరం పెడతారని. తలుచుకుంటే నా మీద నాకే రోత.

పెద్దకర్మ నాడు అందరూ వచ్చారు. ఆమె చేలో పండిన మినపపప్పే వండి పెడితే వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. "మంచి చేతి మనిషి" అన్నాడు పటేల్, నోటి నిండా ముద్దతో. వంట పొయ్యిల జాగా కోసం ఆమె మినుము చేను ఒక మూల పీకి పారేశారు.

ఒక మొక్క తీసుకుని, బుడిపె నలిపి, పటేల్ విస్తరి పక్కన పెట్టాను.

"ఏందిరా ఇది?"

"చేతబడి" అన్నాను. "అందరి చేలల్ల ఉండె. మనమే పీకి కాల్చినం. ఆమెది నేనే పీకిన."

అతను దాన్ని మోచేత్తో పక్కకు నెట్టి, ఇంకాస్త పప్పు పోయమన్నాడు.

పీకిన వేళ్ళు ఎండలో పడి ఉన్నాయి. నా గోటి కింద ఎరుపు ఇంకా తడిగానే ఉంది.