వెంకడు మోసుకొచ్చిన మాట

కారమడైలో కాపురముంటున్న మా కూతురు రంగనాయకికి ఎనిమిదో నెల. పత్తి ఏరడం అయ్యాకే పుట్టింటికి పంపుతానని వాళ్ల అత్తగారు ఆపుకుంది. కుంపిణీవాళ్లు వేసిన కొత్త బాటన బండి తోలుకుని మా అన్న కొడుకు వెంకడు ఈ పొద్దు అక్కడినుంచి వచ్చాడు.

"బాగుండానని అమ్మకు చెప్పమనె అత్తా," అన్నాడు మజ్జిగ తాగుతూ.

"ఎట్ల చెప్పె? గబుక్కున చెప్పెనా, సాగదీసెనా?"

"అయ్యో! మాట తెస్తిని కదా, గొంతు కూడా మూట కట్టుకొని రావాల్నా?"

నేను వదల్లేదు. మా పిల్ల అన్నట్లే పలికి చూపించమన్నాను. విసుక్కుంటూనే వాడు, "బాగుండానని... అమ్మకు చెప్పు," అన్నాడు. చివరికొచ్చేసరికి గొంతు సన్నబడి ఆగిపోయింది. వాడే ఉలిక్కిపడి చెంబు కింద పెట్టాడు.

"ఆమా అత్తా, అట్లే అనె. నేను కనిపెట్టలే."

తెల్లారగానే వాడూ నేనూ కారమడైకి బయలుదేరుతున్నాం. ఆ గొంతు విన్నాక మీరైతే ఇంట్లో కూర్చునేవారా, చెప్పండి. నన్ను ఉత్త కంగారు మనిషినంటారు మావాళ్లు. ఈ ఒక్కసారి వాళ్ల మాటే నిజం కావాలని మొక్కుకున్నాను.