కండె అచ్చు బిస్కెట్లు

మా వదిన బిస్కెట్టుకు ఇంకొకరి పేరు పెట్టి అమ్ముతున్నారు. మొన్న జోడ్‌భావి పేట్‌లో పెళ్లికి పోతే, భోజనాలయ్యాక చేతిలో పెట్టిన రంగు డబ్బా మీద ‘ఆజీచీ బిస్కిటే’ అని ఉంది. నాయనమ్మ బిస్కెట్లన్నమాట. బడి ముఖం చూడని నేను ఈ మరాఠీ ఊళ్లో దుకాణాల బోర్డులు కూడబలుక్కుని వాళ్ల భాష చదవడం నేర్చుకున్నవాణ్ణి. కింద చిన్న అక్షరాల్లో, బిస్కెట్లు కాల్చే భట్టి యజమాని నాయనమ్మ వీటిని సొంతంగా కనిపెట్టిందని రాసిన అబద్ధం కూడా చదివాను. మూత తీస్తే ప్రతి బిస్కెట్టు మీదా గుండ్రటి గుర్తు, నడుమ చిన్న బొడిపె. ఆ గుర్తు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఎనభైల్లో మేం కుంఠా నాకా దగ్గర, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య ఉండేవాళ్లం. దీపావళి వస్తుందంటే మా వాడ ఆడవాళ్లంతా పిండి, చక్కెర, డాల్డా బేసిన్లలో పెట్టుకుని ఆ భట్టికే పోయేవారు. సరుకు మనది, కాల్చిపెట్టడం వాళ్లది. రెండు రోజులు వాడంతా యాలకుల వాసనేసేది. సాంచాల నూనె కంపు కూడా సిగ్గుపడి పక్కకు తప్పుకునేది. మా వదిన పిండిలో సగం జొన్నపిండి. అది చూసి ముందు అందరూ నవ్వేవారు. కాలాక మాత్రం మా రేకు పళ్లెంలోవి ఒక్కొక్కటే పక్కవాళ్ల డబ్బాల్లోకి నడిచిపోయేవి.

“చూసుకోలే అక్కా, కలిసిపోయినయి,” అంది ఒకావిడ ఓసారి.

“చూడకుంట పెట్టిన చెయ్యి సీదా నా రేకు మీదికే ఎట్లొచ్చిందే?” అంది వదిన.

ఆ మరుసటేడు, మగ్గం నాడెలో పెట్టే నూలు కండె ఒకటి, నూలు అయిపోయినది, కడిగి కొంగులో పెట్టుకుని భట్టికి పోయింది. దాని అడుగుతో ప్రతి బిస్కెట్టు మీదా అచ్చు కొట్టింది. ఇక దొంగతనాలు బంద్.

అన్న పోయాక తన పిల్లలతో పాటు నన్నూ సాకింది ఆమె. చుట్టిన బీడీలకు కంపెనీ పేరు, అంచులు ముడేసిన చద్దర్లకు సేఠు పేరు. జన్మంతా చేసిన పనిలో ఆమెదని చెప్పుకోవడానికి ఈ బిస్కెట్టొక్కటే మిగిలింది. దాన్నీ లాక్కుంటే ఊరుకోవాలా?

భట్టికి పోయి అడిగాను. గల్లా దగ్గర కూర్చున్న యజమాని, అంటే ఆ నాయనమ్మ మనవడు, నవ్వి, “ఆజోబా, తే డిజైన్ ఆహే,” అన్నాడు. ‘తాతా, అది డిజైన్’ అట! డబ్బా చంకలో పెట్టుకుని బస్సెక్కి కుంభారిలో వదిన ఇంటికి పోయాను. “నడువు, నువ్వొచ్చి చెప్తేగాని వాడు వినడు,” అన్నాను.

ఆమె ఒకటి తీసి కొరికి, కళ్లు మూసుకుని నమిలింది. “నువ్వులు ఎగ్గొట్టిండ్రు,” అంది.

“నువ్వుల సంగతి కాదు వదినా! పేరు సంగతి చెప్పు.”

“ఏం చెప్పాలె మరిదీ? జొన్నపిండి కలుపుమన్నది మన మీదింటి కన్నడామె. నువ్వులు మా అమ్మ ఊరికెల్లి పంపేది. పెరుగు చుక్కేస్తే గుల్లగ వస్తదని చెప్పింది ఆ డబ్బా మీది ఆజీనే, భట్టి కాడ నా పక్కన కూసోని.”

“మరి కండె అచ్చు?”

వదిన చేతిలోని ముక్కను తిప్పి, ఆ గుండ్రటి గుర్తు మీద వేలు ఆనించింది.

“అది నాదే. మంది దాంట్ల మనయి కలవొద్దని కొట్టిన. ఇన్నేండ్లకు కలిసినయి, కలవనీ. కూసో, చాయ పెడ్త.”