“అందరూ దిగేరా?” అని అడిగే మనిషి

మందుగుండు నింపే చోటికి ఫోన్ తీసుకెళ్ళకూడదన్నది సింహాచలం గారు నాకు నేర్పిన మొదటి నియమం. ఆ నియమాన్ని పాటించినందువల్లే ఆయన మరణవార్త నాకు ఆలస్యంగా చేరింది. మొన్న శుక్రవారం పేలుడు పని ముగించుకుని కొండ దిగి, క్యాబిన్‌లో ఫోన్ చేతిలోకి తీసుకుంటే రెండు వార్తలున్నాయి. ఒకటి, ఆయన తొమ్మిది రోజులుగా ఆస్పత్రి మంచం మీద ఎదురుచూస్తున్న కబురు. రెండోది ఆయన కుమార్తె పార్వతి పంపినది: “అన్నా, నాన్న వెళ్ళిపోయేరు.” ఏది ముందు వచ్చిందో చూశాను. ఆయన ఎదురుచూసిన కబురే ముందు వచ్చింది. ఫోన్ దగ్గరుంటే ఆయన చెవిన వేసేవాడిని. 

బస్తరులో బైలదిల్లా ఇనుపరాయి కొండల కింద ఉన్న మా కాలనీలో ఆయనను ఎరుగనివారు లేరు. విజయనగరం ప్రాంతం నుంచి యౌవనారంభంలో రైలెక్కి వచ్చి, పేలుడు విభాగంలో హెల్పరుగా చేరి, ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసిన కర్మయోగి. కోంటాలో కిరాణా కొట్టు కుటుంబంలో పుట్టి, తూకం వేయడం తప్ప మరో పని తెలియని నన్ను శిష్యుడిగా స్వీకరించిన గురువు. తెలుగు, హిందీ, హల్బీ, గోండీ నాలుగింట్లోనూ ధారాళంగా తిట్టగలిగేవారు. మెచ్చుకోవడం మాత్రం ఆయనకు ఏ భాషలోనూ రాలేదు.

మా కొండ మీద ఒక ఆచారం ఉంది. బెంచీలని పిలిచే తవ్వకపు మెట్ల మీదికి వెళ్ళే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను పలకకు తగిలించి వెళ్తాడు, దిగాక తీసుకుంటాడు. పలక ఖాళీ అయితే కొండ ఖాళీ అయినట్టు. ఆ తరువాతే సైరన్, దాని వెనకే పేలుడు, రాళ్ళన్నీ పడ్డాక ప్రమాదం తీరిందని చెప్పే ఆల్‌క్లియర్ సైరన్. సైరన్ బాధ్యత నాకు అప్పగించిన తొలివారంలో, పలక ఖాళీగా కనిపించగానే మీట మీద చేయి వేశాను. సింహాచలం గారు నా మణికట్టు పట్టుకున్నారు.

“అందరూ దిగేరా?”

“పలక ఖాళీగున్నది గద సార్.”

“పలక్కేటి తెలుసురా! మొకాలు లెక్కెట్టు.”

లెక్కపెడితే ఒక ముఖం తక్కువైంది. డ్రిల్లర్ బుధ్‌రామ్ బిళ్ళను, సాయం చేస్తున్నాననుకుని అతని స్నేహితుడు తీసి జేబులో వేసుకున్నాడు. బుధ్‌రామ్ మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం మళ్ళీ పైకి వెళ్ళాడు. మీట నొక్కి ఉంటే అతను రాళ్ళ కింద ఉండేవాడు.  అయిన దానికీ కాని దానికీ తిట్టే ఆ మనిషి ఆ ఒక్క ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

పదవీ విరమణ తరువాత ఆయన దృష్టి కొండ మీది నుంచి ఆకాశం మీదికి మళ్ళింది. అందుకు కారణం పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం. కాలం చెల్లిన ఉపగ్రహాలు, రాకెట్ల తొడుగులు, ఊడిన మరలు భూకక్ష్యలో తుపాకి గుండును మించిన వేగంతో తిరుగుతున్నాయనీ, ఒకదాన్నొకటి ఢీకొంటే మరిన్ని శకలాలు పుడతాయనీ, రాలిన రంగు పెచ్చు తగిలినా వ్యోమనౌక అద్దం దెబ్బతింటుందనీ అందులో ఉంది. పేలుడులో ఎగిరే రాళ్ళతో జీవితమంతా గడిపిన మనిషికి ఇది అంతుపట్టని శాస్త్రం కాదు.

“మన రాయి ఎగిరితే కాసేపట్లో కింద పడిపోద్ది. ఆల్‌క్లియర్ కొట్టేత్తాం. అక్కడ ఎగిరింది పడదురా, ఏళ్ళ తరబడి ఎగుర్తానే ఉంటది. మరి ఆ పైనున్నోళ్ళకి ఆల్‌క్లియర్ ఎవుడు కొడతాడు?” అని నన్ను నిలదీశారు, ఆ చెత్తంతా నేనే పోసినట్టు. శకలాలు దగ్గరికి వస్తున్నాయంటే వ్యోమగాములు తమ తిరుగు నౌకలోకి చేరి తలుపు మూసుకుంటారని చదివిన రోజున మాత్రం, పేలుడప్పుడు మేం తలదాచుకునే షెడ్డును తలుచుకుని, “మన షెల్టరేరా!” అని పసివాడిలా సంబరపడ్డారు.

కోంటా వైపు మా మేనమామ ఊరి దగ్గర, ఇప్పచెట్ల మధ్య, గుమ్మడికాయంత లోహపు గోళం ఒకటి ఆకాశం నుంచి పడిందని తెలిసి, నన్ను మోటారుసైకిల్ మీద బయలుదేరదీశారు. లచ్చమ్మ అనే ముసలమ్మ అప్పటికే దాని మీద కన్ను వేసింది. “పైనుంచి పడ్డది సార్, గట్టిగున్నది. ఇప్పపువ్వు పోసుకుంటందుకు ఇంటికి తీస్కపోత” అంది. రాకెట్ ఇంధనం లోపల మిగిలి ఉంటే దాని ఆవిరి పీల్చినా విషమేనని సింహాచలం గారు బతిమాలారు. పోలీసులకు కబురు పంపి, కొండ మీద ప్రమాదపు హద్దు గీసినట్టే సున్నంతో గోళం చుట్టూ పెద్ద వలయం గీశారు. మర్నాడు వెళ్ళి చూస్తే వలయం అంచున పూలు, పసుపు బియ్యం, కాలికి తాడు కట్టిన కోడిపుంజు.

“ఇదేందమ్మా?” అన్నాను.

“ముగ్గు సారే ఏసిండు గద! మేం మొక్కుతున్నం” అంది లచ్చమ్మ.

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం గంభీరంగా, “నాను గీసింది భయానికి, ఆళ్ళు పెట్టింది దండం. గీత ఎవుడూ దాటలేదు కదా, సాలు” అన్నారు. మూడోనాడు అధికారులు వచ్చి గోళాన్ని తీసుకెళ్ళేదాకా, గొడుగు వేసుకుని ఆ గీత పక్కనే కూర్చున్నారు.

క్యాంటీన్ టీవీలో రాకెట్ ప్రయోగం చూసిన రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. చప్పట్లు ఆగాక, “పైకెట్టేరు, బాగుంది. పనైపోయాక దింపేదెవరు?” అన్నారు. శుభమా అని ఎగిరితే ఇదేం మాటని ఎవరో విసుక్కున్నారు, మిగిలినవారు నవ్వారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నవ్వాను. ఆయన టీ సగంలో వదిలి వెళ్ళిపోయారు. తుఫాను హెచ్చరిక, వాన కబురు, ఎక్కడో ఉన్న బిడ్డ గొంతు, ఇవన్నీ ఆ కక్ష్యల పుణ్యమా అని మనకు అందుతున్నవే. ఆ దారి చెత్తతో మూసుకుపోతే నష్టం వ్యోమగాములకే కాదని ఆయన చెప్పబోయారు. ఆ నవ్వుకు క్షమాపణ చెప్పుకోవాలని ఎన్నోసార్లు అనుకుని కూడా చెప్పుకోలేదు.

ఆయన ఆస్పత్రిలో చేరిన రోజుల్లోనే ఒక వార్త వచ్చింది. పరాయి దేశపు వ్యోమగాములు ముగ్గురు తిరిగి రావలసిన నౌక కిటికీకి శకలమేదో తగిలి పగులు పడినట్టుందనీ, వారి ప్రయాణం వాయిదా పడిందనీ. నేనే చదివి వినిపించాను. నాటి నుంచి రోజూ నేను గుమ్మంలో కనిపించగానే ఆక్సిజన్ మాస్క్ పక్కకు లాగి, “అందరూ దిగేరా?” అని అడిగేవారు. “ఇంక దిగలే సార్” అనేవాడిని. ఎవరు తాతా, మీవాళ్ళా అని నర్సు అడిగితే, “మా బెంచీ మీదోళ్ళేనమ్మా” అన్నారు. గురువారం సాయంత్రం నేను బయలుదేరుతుంటే నా చేయి పట్టుకుని, “దిగితే సెప్పరా. నిద్దర్లో ఉన్నా లేపి సెప్పు” అన్నారు. అదే ఆఖరి మాట అని నాకు తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం పాడె ఎత్తాం. వాగు ఒడ్డుకు వెళ్ళే దారి కొండ పాదం మీదుగా పోతుంది. సగం దూరం వెళ్ళేసరికి సైరన్ మోగింది. సైరన్ మోగితే ఎంతటి పనిలో ఉన్నా షెడ్డు కిందికి చేరి నిలబడాలన్నది ఆయన పెట్టించిన నియమమే. పాడెను షెడ్డులో దించాం. ఒక కొమ్ము పట్టింది బుధ్‌రామ్. అలవాటు కొద్దీ ముఖాలు లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. ఆయననూ కలుపుకుని లెక్కపెట్టానని తరువాత తెలిసింది.

ఇకమీద మా కొండ మీద సైరన్ మోగుతుంది, రాళ్ళు ఎగురుతాయి, పలక మీద బిళ్ళలు ఆడతాయి. నా మణికట్టు పట్టుకుని ఆపే చేయి మాత్రం ఉండదు. ఆ మహనీయుని పాదాలకు ప్రణమిల్లడం తప్ప ఆ వెలితిని నేనెలాగూ పూడ్చలేను.

పేలుడు శబ్దం కొండల్లో సద్దుమణిగాక ఆయన చెవి దగ్గరికి వంగాను. “సార్, దిగిన్రు. ముగ్గురికి ముగ్గురూ దిగిన్రు. ఏరే నౌకలో దిగిన్రు. మొకాలు నేనే చూసిన సార్, లెక్క సరిపోయింది.” ఆల్‌క్లియర్ మోగింది. షెడ్డు కింద కూర్చున్నవారంతా లేచారు. నిద్రలో ఉన్నా లేపి చెప్పమన్నారు కదా, చెప్పాను. ఆయన లేవలేదు.