గోడవార ఇసుక

తొంభైల్లో దోహాలో ఇసుక ఎత్తే గ్యాంగుకి నేను మేస్త్రీని. నవ్వకండి. దుమ్ముగాలి కొట్టి తగ్గాక ఉమ్ ఘువైలినా పేట సందుల్లో రోడ్డేదో, కాలిబాటేదో తెలిసేది కాదు. మేం దిగితేనే వీధి బయటపడేది. రోడ్డు మీది ఇసుకను యంత్రం తోసేది. కాలిబాట మాత్రం మా పారలదే.

ఒక శుక్రవారం, సెలవైనా సరే, కంపెనీ డ్యూటీకి పిలిచింది. మా గ్యాంగంతా గోదావరి వాళ్ళం. మా వైపు ఇల్లు కట్టుకునేవాడు గుప్పెడు ఇసుక కూడా పారేయడు. గోడవార కుప్పపోసి, పారతో తట్టి పెట్టుకుంటాడు. మా చేతులకీ అదే అలవాటు. కాలిబాటంతా తుడిచి, ఇసుకను ఇళ్ళ గోడల వెంట వాలుగా పోసి నున్నగా తట్టాం. చూడముచ్చటగా ఉంది. ఇక లారీ వచ్చి ఎత్తుకుపోవడమే తరువాయి.

ఇంతలో మూలింటి డ్రైవరు గేటు తీసి లబలబలాడాడు. కడప మనిషి.

“ఏందన్నా, గోడంతా పూడ్చేస్తిరే! మా పెద్దాయనకు కండ్లు కనపడవు. గోడ తడుముకుంటానే మసీదుకు పోతాడు.”

“నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళొచ్చు కదయ్యా,” అన్నాను.

“ఒగ తూరి పట్టుకుంటే కట్టెతో కొట్టినాడు. నమాజుకు పోకుండా ఇంట్లోనే కూచుంటాడు గానీ, చెయ్యి మాత్రం ఇయ్యడు.”

చూడకుండానే ఆ ముసలాయన నాకు తెగ నచ్చేశాడు. నమాజు వేళ దగ్గర పడుతోంది.

“లారీ వచ్చాక ఒకేసారి ఎత్తేద్దామండీ,” అన్నాడు మావాడొకడు.

“లారీ కోసం ఆయన ఆగుతాడా? యల్లా, కదలండి!” అని కసిరి, ముందు నేనే పార పట్టాను. తట్టిన కుప్పలన్నీ విప్పి రోడ్డంచుకి లాగాం. ఆ మూలింటి నుంచి మసీదు దాకా గోడ మొదట్లో చీపురు పెట్టి ఊడ్చాం. మసీదు నుంచి బాంగు పిలుపు మొదలైనప్పుడు ఇంకా ఆఖరి గజం మీదే ఉన్నాం. చెమటకి కళ్ళు మండిపోతున్నాయి.

పెద్దాయన బయటికొచ్చాడు. చెయ్యి గోడకి ఆనించి నడక మొదలుపెట్టాడు. మేం పారలు పట్టుకుని ఎదురు వైపు బిగుసుకుపోయి నిలబడ్డాం. ఆయన ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. నేరుగా వెళ్ళి మసీదు మెట్లెక్కాడు. లోపలికి వెళ్తూ వెనకాలే ఉన్న డ్రైవరుతో అరబ్బీలో ఏదో అన్నాడు.

డ్రైవరు నవ్వుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. “అంత గాలి కొట్టినా ఈ తూరి మన సందులోకి ఇసకే రాలేదంటాండాడు అన్నా! మీరే ఎత్తినారని చెప్పేదా?”

వద్దన్నాను. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఎవరిస్తారు?