లిఫ్టు మెకానిక్కుకి పింఛనెంత?

జీతమెంతని అడగడం మర్యాద కాదని ఆరా మేస్త్రికి చిన్నప్పుడు ఎవరూ చెప్పినట్టు లేదు. లిఫ్టులు బాగుచేసే ప్రైవేటు కంపెనీలో మెకానిక్కు. ఏ భవనానికి వెళ్ళినా, గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకుని పై అంతస్తు డాక్టరు దాకా అందరి రాబడీ కూపీ లాగేవాడు. ఆ పేరు అలా వచ్చిందే. విసుక్కుంటూనే చెప్పేవారు. లిఫ్టు నడవాలిగా మరి!

ఈసారి ఆరా తియ్యడం మాత్రం కాలక్షేపానికి కాదు. నీటి సరఫరా శాఖలో పంపు మెకానిక్కుగా ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. వయసు పరిమితి అంచున ఉన్నాడు కాబట్టి ఇది పోతే ఇంకోటి రాదు. చిక్కల్లా జీతంతోనే. ఇప్పుడొచ్చే దాంట్లో మూడో వంతు తగ్గుతుంది.

"ఎప్పుడో ముసలయ్యాక వచ్చే పింఛనుకి ఇప్పుడు పిల్ల ఫీజు ఆపమంటారా?" అంది భార్య, కుట్టుమిషన్ ఆపకుండానే.

"ఉండవే, నన్ను కనుక్కోనీ."

కనుక్కున్నాడు. లిఫ్టు పని మీద వెళ్ళిన ప్రతి భవనంలోనూ రిటైరైన సర్కారు ఉద్యోగుల్ని పట్టుకుని పీడించాడు.

"ఒకటో తారీకు నిద్ర లేచేసరికి ఖాతాలో పడుంటుంది బాబూ. నేను పోయినా మా ఆవిడకి కొంత వస్తుంది" అన్నాడు ఒక పోస్ట్‌మాస్టరు. మేస్త్రి గాల్లో తేలిపోయాడు.

శనివారం ఎందుకైనా మంచిదని పంపుహౌసుకి వెళ్ళి, ఈమధ్యే చేరిన ఆపరేటరమ్మాయిని కూడా అడిగాడు. ఆమె పకపకా నవ్వింది.

"ఆ పింఛను పాతవాళ్ళకండీ. మాకు జీతంలో కొంత కోస్తారు, సర్కారు కొంత కలుపుతుంది. చివరికి ఎంతవుతుందో చివర్లోనే తెలుస్తుంది."

మేస్త్రి నీరుగారిపోయాడు. అక్కడికక్కడే వెనక్కి తిరిగేవాడే. కానీ ఆరా తియ్యడంలో ఆ అమ్మాయి అతనికంటే రెండాకులు ఎక్కువే చదివింది.

"ఇంతమందిని అడిగారు కదా, మీ కంపెనీలో రిటైరైనవాళ్ళకి ఎంతొస్తుందండీ?"

ఇన్నేళ్ళలో తమ కంపెనీలో రిటైరైన మనిషిని మేస్త్రి చూడనే లేదు.

తిన్నగా వర్క్‌షాపుకి పోయాడు. పెద్ద మెకానిక్కు లిఫ్టు బ్రేకు ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. అక్కడ అందరికంటే పెద్దవాడంటే అతనే, యాభై నిండలేదు. సర్కారు జీతం ఎంతో విని మొన్న కడుపుబ్బ నవ్వినవాడూ అతనే.

"అన్నా, నీకు ముందు ఈ పనిలో ఎవరుండేవారు?"

"భుజం పోయినాయన. మానేశాడు."

"అంతకు ముందు?"

"ఆయనకి మోకాళ్ళు. మెట్లెక్కలేకపోతున్నాడని తీసేశారు."

"వయసు నిండి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరా?"

పెద్ద మెకానిక్కు పానా కింద పెట్టాడు. ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ వేళ్ళు మడిచాడు, మళ్ళీ అన్నీ విప్పేశాడు. ఆరా మేస్త్రికి భయం వేసింది. తన గురించి కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి గురించి. అడక్కుండా ఉండాల్సిందనిపించింది.

"సోమవారం చేరిపోతానన్నా" అన్నాడు మెల్లగా.

"చేరు." పెద్ద మెకానిక్కు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "అక్కడ ఇంకో ఖాళీ ఏమైనా ఉందేమో, నాకోసం కూడా కాస్త కనుక్కో."

వయసు పరిమితి సంగతి మేస్త్రికి తెలియనిదా? అయినా కనుక్కుంటానన్నాడు.