రేపటి వంతు ముగిసిందన్న కాగితం

ఆ సోమవారం నా డైరీలో ఇలా ఉంది: "రేపు ఉదయం పది గంటలకు జరగవలసిన పని ముగిసినట్టు ఈ రోజు తొమ్మిది ఇరవైకి కాగితం వచ్చింది." అప్పటికి ఇరవై ఆరేళ్లుగా డైరీ రాస్తున్నాను. తేదీ గాని, కూడిక గాని దిద్దవలసి వచ్చిన పేజీ అంతవరకు లేదు.

డెబ్బయిల చివరి సంవత్సరాలలో, విజయవాడలోని ఒక కార్యాలయంలో కంప్యూటరు గది నా బాధ్యతలో ఉండేది. డెల్టాలో కొన్ని కాలువల మీద ఏ తూము ఏ రోజు ఏ వేళకు తెరవాలో సీజను ఆరంభంలోనే పట్టిక వేసి పంపేవాళ్లం. అలా నీరు వదిలే ప్రతి వంతూ యంత్రంలో ఒక పని. తూము తెరిచానని అక్కడ కాపలా ఉండే లస్కరు రాసిన పోస్టుకార్డు అంది, ఆ వివరం యంత్రానికి చేరితేనే దిగువ ఊరి తూముకు ఆదేశం అచ్చయ్యేది. కార్డు రాకపోతే ఆ ఊళ్లో రెండో పంట దాళ్వా వరికి నీరు లేదు. ఏ పని ముగిసిందో, ఏది ఆగిందో చూడడానికి నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను: యంత్రం చదివేలా చిల్లులు కొట్టిన నలభై రెండు పంచ్ కార్డుల కట్ట. రోజూ ఉదయం దాన్ని యంత్రానికి ఇస్తే తూముకొక వరుస చొప్పున అచ్చయి వచ్చేది. వరుస చివర 'డన్' అనో, 'పెండింగ్' అనో ఉండేది.

చల్లపల్లి అవతల ఒక తూము లస్కరు ఎన్నడూ వేళకు తెరిచినవాడు కాదు. ఏడు నిమిషాలు, పన్నెండు నిమిషాలు, ఒకసారి పంతొమ్మిది నిమిషాలు ఆలస్యం. దాచకుండా రాసేవాడు కనుక అతనంటే నాకు గౌరవం. అలాంటివాడు వరుసగా నాలుగు వంతులు సరిగ్గా పది గంటలకే తెరిచినట్టు రాశాడు.

"మీ లస్కరు గడియారం మింగినట్టున్నాడండి," అన్నాడు మా ఆపరేటరు.

ఐదో కార్డు వంతుకు ఒక రోజు ముందే వచ్చింది. దాన్ని యంత్రం కోసం పంచ్ చేసినవారు గమనించలేదు. కార్డు వేళకు ముందే వచ్చిందా అని నా ప్రోగ్రాం చూడదు. 'డన్' అని అచ్చు వేసింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని మంగళవారం తొలి బస్సు ఎక్కాను. ఉయ్యూరు దాటాక కూడా చెరకు పిప్పి వాసన చాలా దూరం వెంట వచ్చింది. తూము చేరేసరికి తొమ్మిది నలభై ఎనిమిది. కాలువలో నీరు కదలడం లేదు. దిగువ పొలాల్లో ఏడెనిమిది మంది పారలు ఆనించుకుని తూము వైపు చూస్తున్నారు.

పదికి రెండు నిమిషాలుండగా లస్కరు క్వార్టరులో నుంచి ఒక స్త్రీ వచ్చింది. తూము మర మీద రెండు చేతులూ వేసి, ఇంటి వైపు చెవి పెట్టి ఆగింది. నా గడియారం పది చూపిన క్షణాన తిప్పింది. జేబులోని కాగితం ప్రకారం అప్పటికే ముగిసిన పని నా కళ్ల ముందు మొదలైంది.

నేనెవరినో చెప్పి, లస్కరు ఎక్కడని అడిగాను.

"ఆయన పోయి నెల దాటిందండీ," అంది. ఆమె అతని భార్య.

"మరి ఈ కార్డులు?"

"జబ్బు ముదిరాక మంచంలో కూర్చుని అన్నీ ఒకేసారి రాసిపెట్టారండి. ఏ వంతుకి ఆ కార్డు పోస్టు డబ్బాలో వేయమన్నారు. పోస్టాయన కూతురి పెళ్లికి సెలవు పెట్టాడంటే ఇది ముందే వేశా. తప్పయిందా అండీ?"

"ఊళ్లో ఎవరికీ తెలియదా?"

"అందరికీ తెలుసండి. ఆఫీసుకే తెలీదు. నీళ్లు టయానికి వస్తుంటే ఎవరు చెబుతారండి? చెబితే క్వార్టరు ఖాళీ చేయమంటారు. నాకు వేరే కొంప లేదు."

"చేతికి గడియారం లేదు కదమ్మా. పదయిందని ఎలా తెలిసింది?"

"మందులకని అమ్మేశామండి. లోపల ఆయన దగ్గుతారు. అప్పుడు తిప్పుతా."

ఆమె గొంతులో దాపరికం గాని, భయం గాని లేవు. క్వార్టరు ఒక్కటే గది. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు.

మిగిలిన కార్డులు బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. ఏడు. రెండుసార్లు లెక్కపెట్టాను. ఎనిమిది రోజులకొక వంతు. ఏడెనిమిదులు యాభై ఆరు రోజులు. ఈలోగా ఆమె పేర ఉద్యోగం అడుగుతూ అర్జీ సిద్ధం చేయాలని చెప్పాను.

"రాయడం రాదండి నాకు. అంకెలు మాత్రం వచ్చు. మీరే రాసిపెట్టండి," అంది. మళ్లీ తనే, "ఆయన పోయిన తేదీ ఏం వేస్తారండి?" అని అడిగింది.

నిజమైన తేదీ వేస్తే, ఆ తరువాతి కార్డులన్నీ దొంగ కార్డులవుతాయి. ఆమెకు ఉద్యోగమూ ఉండదు, ఇల్లూ ఉండదు. డబ్బాలోని ఏడింటిలో చివరి కార్డు మరునాటి తేదీ వేశాను. నా చేత్తో రాసిన తొలి తప్పుడు తేదీ అది. డైరీలో మాత్రం రెండు తేదీలూ రాసుకున్నాను.

ఆ ఏడు కార్డులూ వేళకు వచ్చాయి. ఆ మరునాడే అర్జీ నేనే స్వయంగా పట్టుకుని తిరిగాను. వారం తిరగకుండా ఆమెకు తాత్కాలికంగా ఉద్యోగం ఇచ్చారు. ఒక గడియారం కూడా ఇచ్చారు. ఆ తరువాతి వంతుకు ఆమె కార్డు వచ్చింది: వేలిముద్ర, వంకర అంకెల్లో పది గంటల పన్నెండు నిమిషాలు.

అదే టపాలో, దాని కింద, ఇంకొక కార్డు ఉంది. అదే వంతుకు, లస్కరు దస్తూరి, లస్కరు సంతకం. సరిగ్గా పది గంటలు. నేను వేసిన మరణ తేదీ దాటి ఏడు రోజులు.

"ఆ తూముది వచ్చిందాండీ?" అన్నాడు ఆపరేటరు.

"వచ్చింది," అని ఆమె కార్డు పంచింగుకు ఇచ్చాను. రెండోది డైరీలో ఆ రెండు తేదీలున్న పేజీ దగ్గరే ఉంది. ఆ తూము ఆ రోజు ఎప్పుడు తెరుచుకుందో అడగడానికి నేను మళ్లీ చల్లపల్లి బస్సు ఎక్కలేదు.